పాడుబడిన రాతి క్వారీలు: పక్షులకు నెలవు, పల్లెకు మేలు

(రైతు శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



వరి, వేరుశనగ, ప్రత్తి పైరులను గురించి మీకు చెప్పుటకు ఈ శిబిరానికి పలువురు వచ్చి ఉన్నారు. నేను మాత్రం ఈ పూట పంట పండని చోటును గురించి నాలుగు మాటలు చెప్పదలచినాను. మీ ఊరి పొలిమేరలో రాయి తీసుకొని పోయి, గుంటను మీకు వదలిన క్వారీని గురించి నా మాట.

చీమకుర్తి నల్లరాయి, కరీంనగరు గ్రానైటు, బేతంచర్ల, తాండూరు నాపరాళ్ళు దేశదేశాలకు పోతున్నవి. ఇవి గాక రోడ్లకు, ఇండ్లకు కంకర కొట్టిన చిన్న క్వారీలు ఎన్నో గ్రామాలలో ఉన్నవి. రాయి అయిపోయిన తరువాత, లేదా గిట్టుబాటు కానప్పుడు, యంత్రాలు వెళ్ళిపోవును. గుంట మిగులును. ఆ గుంట ఎవరిది? ఏమి చేయవలెను? ఈ ప్రశ్న గ్రామసభలో అడిగినవారు తక్కువ.

మిగిలిన గుంట వలన కలిగే కీడు

క్వారీ వలన మనము మూడింటిని పోగొట్టుకొంటున్నాము. మొదటిది పైమట్టి. గుట్ట మీద జానెడు మట్టి ఏర్పడుటకు ఎన్నో తరములు పట్టును. దానిని ఒక్క పూటలో యంత్రంతో త్రోసి, రాతి తుక్కు క్రింద పూడ్చివేయుదురు. రెండవది నీరు. గుట్ట మీద పడిన వాన మునుపు పొదల వేళ్ళ వెంట మెల్లగా దిగి బావులకు చేరేది. ఇప్పుడు రాతి పొడిని వెంటబెట్టుకొని పల్లపు చేలలోకి పరుగెత్తును. మూడవది ప్రాణులు. గుట్టను నమ్ముకొన్న ఉడుము, ముంగిస, గుడ్లగూబ, కొండ తేనెటీగ తావు తప్పి పోవును.

వీటన్నింటికంటె పెద్ద కీడు వేరొకటి ఉన్నది. క్వారీ గుంట చెరువు వంటిది కాదు. చెరువులో అడుగు అడుగుగా లోతు పెరుగును. క్వారీలో గట్టు అంచు నుండి ఒక్కసారిగా నిలువు లోతు. వేసవి సెలవులలో ఈతకు దిగిన పిల్లలు తిరిగి ఎక్కుటకు పట్టు దొరకక మునిగిపోయిన వార్తలు ఏటేటా చదువుతూనే ఉన్నాము. నీరు త్రాగ వంగిన గేదె జారినచో దానికీ అదే గతి. కాబట్టి పక్షుల మాట తరువాత. క్వారీని బాగుచేయుటలో మొదటి లాభం మన బిడ్డల ప్రాణం.

పట్టించుకొనకుండా వదలిన గుంటలో చెత్త, చచ్చిన కోళ్ళు చేరును, చుట్టూ సర్కారు తుమ్మ కమ్ముకొనును. రాతి నెరియల గుండా ఆ మురికి ప్రక్క బావులలోకి దిగును. సర్కారు తుమ్మ తుప్పలలో అడవిపందులు పగలంతా దాగి, రాత్రి మీ వేరుశనగ చేలలోకి వచ్చును. అనగా క్వారీని ఏమీ చేయకుండుట కూడా ఒక నిర్ణయమే. దాని ఖర్చు మీరే చెల్లిస్తున్నారు.

పిట్టలతో రైతుకు ఏమి పని?

ఈ ప్రశ్న మీరు అడుగుదురని నాకు తెలుసు. అడుగవలసినదే.

క్వారీ నిలువు గోడలో అరలు, చీలికలు ఉండును. చెవుల వలె రెండు ఈకల పిలకలు గల పెద్ద గుడ్లగూబకు అటువంటి చోటు ఇష్టం. అది గూడు కట్టదు. రాతి అర మీదనే గ్రుడ్లు పెట్టును. ఎలుకలను మ్రింగి, అరగని ఎముకలను, బొచ్చును ఉండగా కక్కివేయును. గోడ క్రింద ఆ ఉండలను ఏరి, నీటిలో నానబెట్టి, పుల్లతో విప్పి చూడండి. ఎలుకల పుర్రెలు, కోర పళ్ళు మీ కంటికి కనబడును. దానిని అపశకునమని రాళ్ళతో కొట్టుట మన పొలం కాపలాదారుని మనమే తరిమివేయుట. ఒక హెచ్చరిక కూడా చెప్పవలెను: విషం తిన్న ఎలుకను తిన్న గుడ్లగూబ కూడా చచ్చిపోవచ్చును. గుడ్లగూబలు తిరిగేచోట విషపుటెర తగ్గించి, బుట్టలు, బోనులు ఎక్కువ వాడండి.

శనగపచ్చ పురుగును ఏరి తినుటకు చేలలో పక్షి స్థావరాలు పాతుమని మేము చెబుతూనే ఉన్నాము. మీరు కొమ్మలు పాతుతున్నారు. ఆ కొమ్మ మీద వాలవలసిన పసుల పోలిగాడు, పాలపిట్ట, గోరింక గూడు పెట్టుకొనుటకు ఊరిలో చెట్టు ఏది? ప్రొద్దుతిరుగుడు గింజ నిండుగా కట్టుటకు తేనెటీగలు కావలెను. వాటికి చేను పూయని నెలలలో ఆహారం ఎక్కడ? రేగు, కానుగ, చండ్ర, మోదుగ పూసే పది ఎకరాల రాతి నేల ఊరికి ఒకటి ఉన్నచో ఈ రెండు లోట్లూ కొంతవరకు తీరును.

ఇది జరుగు పనియేనా? మూడు చోట్ల జరిగిన దానిని చెబుతాను.

సరుగుడు చెట్టు, రోకలిబండ

తూర్పు ఆఫ్రికాలోని కెన్యా దేశంలో మొంబాసా రేవుకు ఉత్తరాన బాంబురి అనే చోటు ఉన్నది. అక్కడ 1954లో ఒక సిమెంటు కర్మాగారం పని ప్రారంభించినది. సముద్రపు పగడాల నుండి ఏర్పడిన సున్నపురాయిని త్రవ్వగా త్రవ్వగా తెల్లని రాతి ఎడారి మిగిలినది. మట్టి లేదు, అడుగున ఉన్నది ఉప్పు నీరు, ఎండకు రాయి పెనము వలె కాలేది. 1971లో రెనే హాలర్ అనే స్విట్జర్లాండు దేశపు వ్యవసాయ నిపుణుడు దీనిని పచ్చగా చేయ పూనుకొన్నాడు. 26 రకాల చెట్లు నాటి చూచినాడు. బ్రదికినవి మూడే. వాటిలో మేటి మన కోస్తా రైతులకు చిరపరిచితమైన సరుగుడు.

సరుగుడు ఎందుకు బ్రదికినది? వేరుశనగ వేళ్ళ మీది బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు ఇచ్చునని మీకు తెలుసు. సరుగుడు వేళ్ళకు కూడా అటువంటి బుడిపెలు ఉన్నవి. వాటిలోని సూక్ష్మజీవి ఫ్రాంకియా అనే వేరొక జాతి. ఉప్పు గాలి, బీద నేల ఈ చెట్టుకు లెక్కలేదు.

అయితే చెట్లు పెరిగినంత మాత్రాన నేల తయారు కాలేదు. సరుగుడు ఆకు తొందరగా కుళ్ళదని దాని క్రింద ఊడ్చినవారికి తెలుసు. బాంబురిలో కూడా రాలిన ఆకు రాలినట్లే పరుపుగా పడి ఉండినది. ఎర్రకాళ్ళ రోకలిబండలు ఆ ఆకును తినుట హాలర్ గమనించినాడు. వాటిని వేలకొలది తెచ్చి తోపులో వదలినాడు. అవి ఆకును కొరికి, తిని, పెంట వేయగా దానిని సూక్ష్మజీవులు ఎరువుగా మార్చినవి. రాతి మీద నల్లని మట్టి పొర ఏర్పడినది. ఆ మట్టిలో ఇతర చెట్లు మొలచినవి. తరువాత చేపల గుంటలు, పక్షులు, జింక జాతి జంతువులు, నీటిగుర్రాలు వచ్చినవి. 1984లో ప్రజలు చూచుటకు తెరచినారు. నేడు దానిని హాలర్ పార్కు అంటారు.

ఇందులో మనకు పాఠం సరుగుడు నాటుమని కాదు. మన గుట్టల చెట్లు మనకు ఉన్నవి. చెట్టుతో పాటు ఆకును మట్టిగా మార్చే పురుగు కూడా కావలెనన్నది పాఠం. మరొక సంగతి: అది కర్మాగారం వారి సొంత నేల, సొంత డబ్బు. మన గ్రామాలలో ఆ రెండూ లేవు. కనుక మనుషుల పొత్తు కావలెను. దానికి తరువాతి రెండు ఉదాహరణలు పనికివచ్చును.

రాతి ధ్వని తెలిసినవారు

రాజస్థానంలోని జోధ్‌పూరు కోట ప్రక్కన సుమారు 70 హెక్టార్ల రాతి నేలను 1930లలో తెచ్చి చల్లిన సర్కారు తుమ్మ ఆక్రమించినది. దానిని కొట్టినచో మరల చిగిర్చును. వేరు రాతి చీలికలో లోతుకు పోయి ఉండును. 2006లో ఆ నేలను బాగుచేయ మొదలుపెట్టిన ప్రదీప్ క్రిషెన్ గారికి తోడుపడినవారు ఎవరు? ఖండ్‌వాలియాలు అనే అక్కడి రాతి పనివారు. వారు సుత్తితో రాతిని కొట్టి, వినబడే ధ్వనిని బట్టి చీలిక ఎటు పోయినది, రాయి ఎచ్చట మెత్తగా ఉన్నది చెప్పగలరు. ఉలితో వేరు వెంట త్రవ్వి, సర్కారు తుమ్మను మొదలంటా తీసినారు. ఆ గుంటలలోనే ఎడారి రాళ్ళలో సహజంగా పెరిగే మొక్కలను నాటినారు. 2011లో ఆ తోట ప్రజలకు తెరచినారు.

మన వడ్డెర సోదరులకు ఈ విద్య తెలియదా? గుట్టను చీల్చుటకు వారిని పిలిచినాము. గుట్టను బాగుచేయు నాడు కూడా మొదట వారినే పిలువవలెను. ఏ చీలికలో నీరు దిగును, ఏ అంచు విరిగిపడును అన్నది వారికి తెలిసినంత మాకు తెలియదు.

మూడవది ఢిల్లీ ప్రక్కన గురుగ్రామ్‌లోని ఆరావళి జీవవైవిధ్య పార్కు. సుమారు 390 ఎకరాలు రాయి త్రవ్వి పాడైన నేల. అక్కడి పౌరుల సంఘం, నగర పాలక సంస్థ కలసి 2010 నుండి పనిచేసినారు. బడిపిల్లలు, ఉద్యోగులు తమ చేతులతో మొక్కలు నాటినారు. నర్సరీలో దొరికే పూలచెట్లను గాక, ఆరావళి కొండలలో సహజంగా పెరిగే చెట్ల విత్తనాలను ఏరి నారు పెంచినారు. మన కొండలలోని అందుగు చెట్టు కూడా వాటిలో ఒకటి. అభయారణ్యం కాకపోయినా జీవరాశిని కాపాడుతున్న ప్రదేశంగా 2022లో దానికి దేశంలోనే మొట్టమొదటి గుర్తింపు లభించినది.

మన ఊరిలో ఎట్లు చేయవలెను?

ఒకటి: ముందు చూడండి, తరువాత త్రవ్వండి. ఒక వానకాలం, ఒక వేసవి క్వారీని గమనించండి. నీరు ఎంతవరకు నిలుచును, ఏ గోడలో ఏ పక్షి ఉన్నది, ఏ మూల ఏ మొక్క తనంతట తాను మొలచినది, బడిపిల్లల చేత పుస్తకంలో వ్రాయించండి. తనంతట మొలచిన మొక్కయే మీకు ఉత్తమ సలహాదారు.

రెండు: నేల ఎవరిదో తేల్చుకొనండి. పోరంబోకా, పట్టానా, లీజు గడువు ఇంకా ఉన్నదా? గనుల శాఖ, రెవెన్యూ కార్యాలయాలలో కనుగొని, గ్రామసభలో తీర్మానం చేయండి. పేలని మందుగుండు మిగిలి ఉండవచ్చును. తీగలు, గొట్టాలు కనబడినచో ముట్టుకొనక అధికారులకు తెలియజేయండి.

మూడు: భద్రత. అంచుకు కనీసం 10 అడుగుల వెనుకగా, అక్కడే పడి ఉన్న రాతి ముక్కలతో ఛాతీ ఎత్తు గోడ పేర్చండి. సున్నం, సిమెంటు అక్కరలేదు. రాళ్ళ సందులలో బల్లులు, ఉడుములు చేరును. గోడ వెంట వాక, పరికి వంటి ముళ్ళ పొదలు పెంచినచో పశువులు దాటవు. గుంటకు ఒక వైపున మాత్రం తుక్కు నింపి, ఒక అడుగు ఎత్తుకు మూడు అడుగుల వాలు చొప్పున ఏటవాలుగా చేయండి. పొరపాటున పడిన మనిషియైనా, పశువైనా ఎక్కివచ్చుటకు అదే దారి. ఆ వాలు నీటిలో కలిసేచోట మోకాలి లోతు మడుగు ఏర్పడును. తుంగ మొలచును, కప్పలు గ్రుడ్లు పెట్టును, కొంగలు నిలుచును.

నాలుగు: గోడలన్నింటినీ కూల్చవద్దు. గట్టిగా ఉన్న ఒక నిలువు గోడను గుడ్లగూబకు, తేనెటీగకు వదలండి. చలికాలం నుండి వేసవి తొలినాళ్ళ వరకు అది గ్రుడ్లు పెట్టి పిల్లలను పెంచే కాలం. అప్పుడు ఆ గోడ దగ్గర పని పెట్టవద్దు.

ఐదు: మట్టి. క్వారీ అంతటా మట్టి పోయుటకు ఏ పంచాయతీకి తాహతు లేదు, అవసరమూ లేదు. రాతి చీలికలు, పల్లపు మూలలు ఎంచుకొని చెరువు మట్టి, చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. మీరు నాటబోయే చెట్టు జాతి పెద్దది ఎక్కడ ఉన్నదో, దాని మొదట నుండి గంపెడు మట్టి, కుళ్ళిన ఆకు తెచ్చి గుంటకు ఒక దోసెడు వేయండి. ఆ దోసెడులో కంటికి కనబడని మేలు చేసే జీవులు, చిన్న పురుగులు వచ్చును. బాంబురి పాఠం ఇదే.

ఆరు: మొక్కలు. మొదటి సంవత్సరం గడ్డి, పొద. రెండవ, మూడవ సంవత్సరాలలో చెట్టు. తొలకరికి తంగేడు విత్తనం, గుట్ట గడ్డి విత్తనం తుక్కు కుప్పల మీద చల్లండి. రేగు, బలుసు, వాక, సీతాఫలం మనుషులకూ పిట్టలకూ పండు ఇచ్చును. రాతి చీలికలలో రావి, జువ్వి. ఎండ తగిలే రాతి మీద కొండగోగు, తపసి. తేమ ఉన్న మూలలో కానుగ, నెమలినార. ఒకే జాతి చెట్లు వరుసగా నాటి లెక్క చూపుట తోట అగును గాని గుట్ట కాదు. కొంత రాతిని బోసిగానే వదలండి. ఎండలో వెచ్చబడు బోసి రాయి కూడా కొన్ని ప్రాణులకు ఇల్లే.

ఏడు: నీటిలో ఏ చేప? దేశవాళీ చిన్న చేపలు చాలును. దోమ పిల్లలను అవి తినును. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకాన్ని మన దేశంలో 2000లోనే నిషేధించినారు. దానిని ఎవరు తెచ్చినా ఒప్పుకొనవద్దు. కప్పను, చేపను, పక్షి పిల్లను కూడా మిగల్చదు. రాళ్ళ మధ్య నిలిచే చిన్న మడుగులను మాత్రం పూడ్చివేయండి. దోమలు పుట్టునది అక్కడనే.

కష్టనష్టాలు దాచరాదు

ఇందులో అంతా లాభమే అని చెప్పుట న్యాయం కాదు. పొదలు పెరిగినచో నెమళ్ళు వచ్చును. విత్తిన మొక్కజొన్నను, వేరుశనగను ఏరుకొని తినవచ్చును. పాములు వచ్చును. వాటిలో చాలావరకు ఎలుకలను తినే జెర్రిపోతు వంటివే. అయినా విషసర్పం ఉండదని నేను హామీ ఇవ్వలేను. నడచు బాటలు వెడల్పుగా, శుభ్రంగా ఉంచండి; రాత్రి చేతిలో దీపం లేనిదే పోవద్దు.

అందుచేత క్వారీని ఆనుకొని ఉన్న చేల రైతులను మొదటి రోజు నుండి సంఘంలో చేర్చుకొనవలెను. నష్టం వచ్చునది వారికి, పేరు వచ్చునది ఊరికి అన్నచో ఆ పని నిలువదు. సర్కారు తుమ్మను తీసి పందుల దాపు పోగొట్టుట వారికి మొదటి మేలు కావలెను. అట్లే మేకలవారు. కంచె వేసి వారిని వెళ్ళగొట్టినచో రాత్రికి కంచె ఉండదు. మొదటి మూడు సంవత్సరాలు సగం నేల మూసి, సగం తెరచి ఉంచండి. మూసిన సగంలో గడ్డిని కోసి మోసుకొనిపోవుటకు వారికే మొదటి హక్కు ఇవ్వండి. మేకలవాడు కాపలాదారుడైనచో వేరే కాపలా అక్కరలేదు.

ఖర్చు ఎవరిది?

ఇది దయాధర్మంగా అడుగునది కాదు. రాయి తీసినవాడే నేలను తిరిగి సరిచేయవలెనన్నది నియమం. గ్రానైటు త్రవ్వకానికి 1999 నాటి నిబంధనలు ఉన్నవి. పైమట్టిని వేరుగా తీసి భద్రపరచి తిరిగి వాడవలెనని, త్రవ్విన నేలను బాగుచేయవలెనని వాటిలో ఉన్నది. త్రవ్వకం ముగిసిన నేలలో పశువులకు, అడవి జంతువులకు మేత మొలచునట్లు గడ్డి పెంచవలెనని లీజులలో షరతు విధించమని సుప్రీంకోర్టు 2020 జనవరి 8న ఆదేశించినది. మీ ఊరిలో క్వారీ ఇంకా నడుస్తున్నచో ఇప్పుడే అడగండి. యంత్రాలు వెళ్ళిపోయిన తరువాత అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పేవారు ఉండరు.

యజమాని లేని పాత గుంటల మాట ఏమి? గనుల వలన బాధపడే ప్రాంతాల మేలు కొరకు 2015 చట్టసవరణతో జిల్లా ఖనిజ నిధులు ఏర్పడినవి. గ్రామసభ తీర్మానంతో ఆ నిధిని కోరండి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య సంఘం ఉండవలెను. కాగితం మీదనే నిద్రపోతున్న ఆ సంఘాన్ని లేపి ఈ పని అప్పగించండి. రాతి పనివారు, మేకలవారు, ప్రక్క చేల రైతులు, బడి ఉపాధ్యాయుడు, ఇద్దరు ముగ్గురు స్త్రీలు అందులో తప్పక ఉండవలెను.

సోదరులారా, పోయిన గుట్ట తిరిగి రాదు. రాయి ఒకసారి పోయినచో పోయినట్లే. కాని ఆ చోట ఏమి పెరుగవలెనో చెప్పే హక్కు ఇంకా మన చేతిలో ఉన్నది. ఈ తొలకరికి పది ఎకరాలు బాగుచేయుమని నేను అడుగుట లేదు. గుంట అంచున గోడ పేర్చండి, ఒక వైపు వాలు చేయండి, నాలుగు గంపల తంగేడు విత్తనం చల్లండి. ఊరి పిల్లలు క్షేమంగా ఉందురు. రెండేండ్లు గడచిన తరువాత ఒక సాయంత్రం ఆ గోడ మీద నుండి గుడ్లగూబ కూత వినబడినచో, మీ ధాన్యపు గాదెకు కాపలా వచ్చినదని తెలుసుకొనండి.